తొట్టిపాలానికి అత్త గచ్చు

కోవిల్‌పట్టి పక్క, తమిళనాట ఉన్న ఆ నల్లరేగడి ఊరికి చెరువే దిక్కు, చెరువుకేమో తొట్టిపాలం దిక్కు. వాగుకు అడ్డంగా కమానుల మీద ఎగువ చెరువు కాలువను మోసుకొచ్చే పాత ఇటుక వంతెన అది. దాన్ని పాడుచేసింది ఇంకెవరో కాదు, పెద్ద రైతు లక్ష్మణసామే!

రెండేళ్ల కిందట నీళ్లు కారుతున్నాయని విరుదునగర్ నుంచి సిమెంటు బస్తాలు దింపించి, మీసం మెలేసి మరీ తొట్టి లోపలంతా పూయించాడు. "సున్నం కట్టుబడికి సిమెంటు ఆగదురా సామీ" అని మేనత్త అళగమ్మాళ్ మొత్తుకుంది. చిన్నప్పుడు నాయన వెంట అదే తొట్టికి సున్నపు గచ్చు నూరిన మనిషి ఆమె. "నీకేమి తెలుసును అత్తా, సుమ్మా ఉండు" అని నోరు మూయించాడు. తెలిసినవాడు మరి! సిమెంటు బిగిసింది, లోపలి చెమ్మ బయటికి పోలేక పెచ్చులు ఇటుకలతో సహా ఊడాయి. నిరుడు చెరువు నీళ్లు వాగుపాలయ్యాయి, ఊరి పత్తి మాడిపోయింది. ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. అదే అతన్ని కాల్చుకుతింది.

ఈసారీ నీళ్లు రాకుంటే సగం ఊరు కూలికి శివకాశి టపాకాయల ఫ్యాక్టరీ వ్యాన్లెక్కాల్సిందే. వానలకు రెండు నెలల ముందే, ఆవణి నెలలో, సిగ్గు చంపుకొని అత్త గడప తొక్కాడు.

"తప్పయిపొయ్యె అత్తా. ఏమి చేసేది, నువ్వే చెప్పు."

"ఇప్పుడు తెలిసెనా? సిమెంటంతా గీకి పారెయ్. సున్నాన్ని పదైదు దినాలు నానబెట్టు. ఇసక కలిపి, కరక్కాయ నీళ్లు, తాటిబెల్లం నీళ్లు పోసి నూరాల. పూసినంక తడిగోనెలు కప్పాల. తొందరపడితివా, మళ్లా పొయ్యె!"

పని ముగిసేదాకా అళగమ్మాళ్ గొడుగేసుకుని గట్టునే కూర్చుంది. గచ్చు వేళ్లతో నలిపి చూసి పెదవి విరిచిందంటే సున్నపు గానుగ మళ్లీ తిరగాల్సిందే. లక్ష్మణసామిని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. అతను తలొంచుకుని మళ్లీ గానుగ తిప్పించాడు.

ఐప్పసి నెల వానలకు ఎగువ చెరువు నిండి కాలువలోకి కొత్తనీళ్లు వచ్చాయి. ఊరంతా గట్టెక్కితే లక్ష్మణసామి వాన నీరు తీసిన వాగులోకి దిగి, తొట్టి కింద తలెత్తి నిలబడ్డాడు. నెత్తి మీద నీళ్లు గలగలా పోతున్నాయి. కమాను కమానుకూ వెళ్లి చూశాడు. ఒక్క చుక్క రాలలేదు.

కొత్తనీళ్లకు కర్పూరం వెలిగించి పెద్ద రైతుకు తలపాగా చుట్టడం ఆ ఊరి వాడుక. ఆడవాళ్లకు చుట్టిన రోజు లేదు. గట్టెక్కగానే తనకు కట్టబోయిన గుడ్డను లక్ష్మణసామి లాక్కుని పోయి అత్త తలకు చుట్టాడు.

"ఏమిరా ఇది, అందరూ నగుతారు!"

"నగనీ అత్తా. ఊరి కడుపు మాడ్చింది నేను, నింపింది నువ్వు."

ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. అళగమ్మాళ్ మేనల్లుడి వైపు తల వంచింది.

"సరే, ఇంకొంచెం గట్టిగా కట్టరా" అంది. "జారుతా ఉండాది."