ఎమిలీని పిలవొద్దు

నాకు భయం ఎక్కువ. మా గని కూలీల ఇళ్ల లైన్లో ఎవరిని అడిగినా ఈ మాట చెబుతారు, నవ్వుతూ మరీ చెబుతారు. బెంగళూరు రైలు పది నిమిషాలు ఆలస్యమైతే మా ఆయనకు ఏమైందోనని వీధిలోకి వచ్చి నిలబడతాను. స్కూలు నుంచి ఫోనొస్తే ఇంక చెప్పనే అక్కర్లేదు. అందుకే ప్రేమరాజు సారు ఫోన్ చేసి, స్కూలు పిల్లలు మా అమ్మాయి ఎమిలీ మీద ఒక వీడియో కథ తీస్తామంటున్నారని చెప్పినప్పుడు ముందు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

ఎమిలీకి పదేళ్లు. ఆటిజం అని తమక ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది. మాటలు రావని కాదు, వాటిని ఎవరి మీదా వృథా చేయదు. ఒకటి, మహా అయితే రెండు. పక్కింట్లో కుక్కర్ విజిల్ వేస్తే చాలు, చెవులు మూసుకుని మంచం కిందికి దూరిపోతుంది. లైన్లో గోడలు పేరుకే గోడలు కాబట్టి మా ఇంట్లో జరిగేదంతా ఊరికి తెలుసు. కానీ తెలియడం వేరు, స్కూల్లో తెర కట్టి చూపించడం వేరు. రేపు ఆ వీడియో అందరి ఫోన్లలోకి ఎక్కితే, నా బిడ్డ చెవులు మూసుకునే తీరు చూసి ఎవడో నవ్వితే?

"వద్దు సార్," అన్నాను.

మరునాడే ఆ కథ తీసే పిల్ల నేరుగా ఇంటికి వచ్చింది. పేరు మునిలక్ష్మి, తొమ్మిదో క్లాసు. అమ్మానాన్నలది రాయల్పాడులో మామిడి తోట, తను ఇక్కడ మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటోంది. వచ్చిన ఐదు నిమిషాల్లో మా ఫ్యాను స్విచ్చి వేసి, ఆపి, గోడ మీది క్యాలెండరు నెలలన్నీ తిప్పి, నన్ను నాలుగు ప్రశ్నలు అడిగి ఒక్కదానికీ జవాబు వినలేదు.

"సార్ ఈ సారి చార్టులు వద్దన్నారు ఆంటీ. ఫోన్లోనే కథ చెయ్యాల. ఫోటోలు, మన గొంతు, సద్దులు, అంతా ఐదు నిమిషాల్లో. సబ్జెక్టు ఏడీహెచ్‌డీ, ఆటిజం. నాకు మొదటిది ఉండాది, ఎమిలీకి రెండోది ఉండాది. నేను నోరు మూయను, అది నోరు తెరవదు. ఇద్దరం ఒకే కథలో ఉంటే బాగుంటాది కదా!"

నేను మళ్లీ వద్దనబోయేలోపు మా ఆయన తండ్రి, మా మామ జెరోమ్ అడ్డుపడ్డాడు. గని మూతపడే వరకు భూమి లోపల పనిచేసిన మనిషి ఆయన, మాటకు మాట అనకుండా ఊరుకోడు. "తీయనీ జూలీ. దాచేదానికి పాప ఏమన్నా దొంగ బంగారమా?" అన్నాడు.

ఇంక నా మాట ఎవరు వింటారు? సరేనన్నాను, కానీ తీసినన్నాళ్లూ నేను పక్కనే ఉంటానన్నాను. ఉన్నాను కూడా. అయితే వాళ్లిద్దరూ తలుపు చాటున కూర్చుని గుసగుసగా ఏదో రికార్డు చేసుకునేవాళ్లు. మునిలక్ష్మి ఆ తర్వాత నాకు చూపిస్తానని ఫోన్ ముందుకు చాపితే నేను తల తిప్పుకునేదాన్ని. నా బిడ్డను బయటివాళ్ల కళ్లతో చూడాలంటే భయం.

ఆ శనివారం సాయంత్రం వాళ్లకు నిశ్శబ్దం కావలసి వచ్చింది. ఎమిలీకి నచ్చే చోటు సైనైడ్ దిబ్బ వెనక ఉంది. బంగారం తీసేసిన మట్టి కొండలా పోసిన దిబ్బ అది. దాని వెనక గాలి తప్ప ఇంకేమీ వినిపించదు. అక్కడికి కాస్త అవతల, గనిలోకి దిగే నిలువు గొయ్యి, మూసేసిన షాఫ్ట్ ఉంది. చుట్టూ గోడ కట్టారు, ఒక వైపు అది కూలిపోయింది. లోపల గని నోటి మీద పోసిన సిమెంటు బిళ్ల పగిలి, మధ్యలో మనిషి పట్టేంత బొక్క పడింది. అందులో రాయి వేస్తే అడుగున తగిలిన చప్పుడు రాదు. ఆ వైపు పోవద్దని ఇద్దరికీ చెప్పాను. ఎమిలీ చెయ్యి పట్టుకునే నిలబడ్డాను.

మునిలక్ష్మి ఫోన్ పైకెత్తి గాలిని రికార్డు చేస్తోంది. అంతలో లైన్లో ఎవరో గృహప్రవేశానికి టపాకాయల సరం అంటించారు. అది ఢమఢమలాడుతూ దిబ్బకు కొట్టుకుని రెండింతలై మా మీద పడింది. నేనే ఉలిక్కిపడి చెవి మూసుకున్నాను. చెవి మూసుకున్న చెయ్యి, బిడ్డను పట్టుకున్న చెయ్యి ఒకటే.

చూసేసరికి ఎమిలీ లేదు.

వానకు కోసుకుపోయిన గండ్లలో చూశాను. తుప్పల్లో చూశాను. కూలిన గోడ వైపు పోవడానికి ధైర్యం రాలేదు. గొంతు మాత్రం వచ్చింది. "ఎమిలీ! ఎమిలీ!" అని అరిచాను. నా అరుపులు లైను దాకా పోయి ఉంటాయి, జనం పరిగెత్తుకొచ్చారు.

"పాప యాడికి పోయినాది?"

"ఈడనే ఉండె, ఈడనే ఉండె!"

మా మామ సుత్తి పట్టుకుని వచ్చాడు. షాఫ్ట్ గోడ బయట ఒక కొయ్యకు పాత రైలు పట్టా ముక్క వేలాడుతుంటుంది. దాన్ని కొట్టడం మొదలుపెట్టాడు. బయటివాళ్లకు ఇది అర్థం కాదు గనక చెబుతాను. గని లోపల కొండ కూలి మనుషులు చిక్కుకుంటే, పైనున్నవాళ్లు ఇనుము మీద కొడుతూనే ఉండేవాళ్లు. లోపలివాడికి ఆ చప్పుడు అందితే, నా కోసం ఇంకా ఉన్నారు, వస్తున్నారు అని ప్రాణం నిలుపుకుంటాడు. కొట్టడం ఆగిందంటే ఆశ వదిలేశారని అర్థం. ఆ చప్పుడు ఎప్పుడు ఆగుతుందోనని మా అత్తగారి కాలం ఆడవాళ్లు గుండెలు చేత్తో పట్టుకుని కూర్చునేవాళ్లట.

కాబట్టి ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. ఆడవాళ్లు తపేలాలు, తట్టలు తెచ్చారు. పాలు పోసే మునివెంకటమ్మ ఖాళీ క్యాను మీద రాయితో బాదింది. కుర్రాళ్లు గోడ మీద నుంచి బొక్క వైపు వంగి పేరు పెట్టి అరిచారు. నేను అందరికంటే గట్టిగా అరిచాను. కుక్కర్ విజిల్‌కి మంచం కింద దూరే పిల్ల అని నాకు తెలియదా? తెలుసు. భయంలో ఆ తెలిసినదంతా ఎటో పోయింది.

పొద్దు దిబ్బ మీదికి వాలింది. ఇంకాస్త ఉంటే చీకటి.

ఎవరో నా కొంగు పట్టి లాగుతున్నారు. మునిలక్ష్మి. ముఖమంతా చెమట.

"ఆంటీ, గమ్మునుండండి! అందరినీ గమ్మునుండమనండి! మీరు అరిస్తే అది రాదు!"

చెంప పగలగొట్టాను. నీ కథ కోసమే కదే నా బిడ్డ ఇక్కడికొచ్చింది, అన్నాను. ఆ పిల్ల ఏడవలేదు, చెంప తడుముకోను కూడా లేదు. ఫోన్ తెచ్చి నా చెవికి నొక్కి పెట్టింది. చుట్టూ ఇనుము మోగుతుంటే ఇంకో చెవి నేనే మూసుకున్నాను.

ఫోన్లో మునిలక్ష్మి గొంతు అడుగుతోంది. "ఎమిలీ, నీకు బయమైతే ఏం చేస్తావు?"

తర్వాత నా కూతురు.

"చిన్న జాగాలోకి పోతాను."

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

"సద్దు పోయినంక."

"అమ్మ పిలిస్తే?"

"అమ్మ అరిస్తే అమ్మ అని తెలీదు. సద్దే తెలుస్తాది."

పదేళ్లలో నా బిడ్డ నాతో అన్ని మాటలు ఒక్కసారిగా ఎన్నడూ చెప్పలేదు. ఆ పిల్లకు చెప్పింది, ఫోనుకు చెప్పింది. వినమని నా ముందుకు తెస్తే నేను మొహం తిప్పుకున్నాను. నాకు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది, కానీ ఏడవడానికి టైము లేదు.

మా మామ దగ్గరికి పరిగెత్తాను. "ఆపు మామా!"

"ఆపితే ఎట్లమ్మా? ఆపితే మనం ఎల్లిపోయినామనుకుంటాది!"

"ఈ సద్దుకే దాక్కున్నాది మామా, ఆపు!"

"నలబై మందిని ఇట్లనే పైకి తెచ్చినామమ్మా," అని ఏడుస్తూ ఆయన మళ్లీ సుత్తి ఎత్తాడు. కళ్లు నా మీద లేవు, ఏ కాలంలో ఉన్నాడో, ఎవరి కోసం కొడుతున్నాడో. ఇంక మాటలతో పని కాదనిపించి ఆ పట్టా ముక్కను రెండు చేతులతో వాటేసుకున్నాను. ఇనుము నా ఎముకల్లో ఇంకా మోగుతోంది. సుత్తి నా తలకు జానెడు దూరంలో ఆగింది.

ఇనుము ఆగేసరికి తపేలాలు ఆగాయి. వెంటనే ఒక ముసలామె గుండెలు బాదుకోబోయింది. చప్పుడు ఆగిందంటే ఆమెకు అర్థం ఒక్కటే, ఆశ వదిలేశారని. మునిలక్ష్మి ఎగిరి వెళ్లి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత ఒక్కొక్కరి దగ్గరికీ పరిగెత్తి పెదవుల మీద వేలు పెట్టి చూపించింది. మునివెంకటమ్మ క్యాను కింద పెట్టి రెండు చేతులతో తన నోరు తానే మూసుకుంది. మా మామ సుత్తిని గుండెలకు అదుముకుని నిలబడ్డాడు.

చివరికి మునిలక్ష్మి కూడా నా పక్కన నేల మీద కూర్చుంది. కదలకుండా ఉండడానికి అరచేతులను తొడల కింద పెట్టుకుంది. ఆ పిల్ల ఒళ్లంతా ఎగిరెగిరి పడుతోంది, అయినా కూర్చునే ఉంది.

అంతమంది ఉండి అంత నిశ్శబ్దం నేను చర్చిలో కూడా వినలేదు. ఆ నిశ్శబ్దంలో నాకు పట్టిన భయం ఎలా చెప్పను? అరిచేటప్పుడు కనీసం ఏదో చేస్తున్నానని ఉంది. ఇప్పుడు నా బిడ్డ ఆ బొక్కలో ఉంటే? రెక్క విరిగి పడి ఉంటే? నేను పిలవడం మానేశానని తెలిసి కళ్లు మూసుకుంటుంటే? తల్లినై ఉండి నోట్లో కొంగు కుక్కుకుని నిలబడ్డాను. ప్రభువా, ప్రభువా అని లోపలే అన్నాను, పెదవులు కదిలితే కూడా చప్పుడవుతుందేమోనని.

ఎండ దిబ్బ మీద నుంచి పూర్తిగా జారిపోయింది.

అప్పుడు కూలిన గోడ లోపల, పగిలిన సిమెంటు బిళ్ల అవతల, ఒక తూము నోట్లోంచి తెల్లటి మట్టి అంటిన తల బయటికొచ్చింది. ఎమిలీ. మోకాళ్ల మీద పాకి వచ్చి లేచి నిలబడింది. చెవుల మీద చేతులు అట్లాగే ఉన్నాయి. తనకూ నాకూ మధ్య ఆ బొక్క.

గోడ మీద వంగిన కుర్రాడొకడు నోరు తెరిచాడు. మా మామ వాడి నోరు తన అరచేత్తో మూసేశాడు. ఎవరైనా ఒక్క కేక పెడితే బిడ్డ బెదురుతుంది, బెదిరితే ఎటు పరిగెత్తుతుందో అందరికీ తెలుసు. పరిగెత్తి వెళ్లి ఎత్తుకోవడానికీ లేదు, పగిలిన బిళ్ల నా బరువు మోయదు.

ఎమిలీ చెవుల మీద నుంచి చేతులు తీసింది. విన్నది. మెడ వంచి ఇంకోసారి విన్నది. తర్వాత బిళ్ల అంచు మీద ఒక పాదం ముందు ఇంకో పాదం పెడుతూ నడవడం మొదలుపెట్టింది. కాలి కింద పెళ్ల ఒకటి విరిగి లోపలికి జారింది. అది ఎక్కడ పడిందో వినిపించలేదు. ఎమిలీ ఆగి ఆ బొక్కలోకి చూసింది. నేను పిలవలేదు. నా పళ్లు కొంగును కొరికి చించేశాయి, కానీ పిలవలేదు. మళ్లీ నడిచింది.

గోడ దాటి, అంతమంది మధ్య నుంచి ఎవరినీ చూడకుండా వచ్చింది. నా కొంగు చివర పిడికిట్లో పట్టుకుని, నాకు ఆనీ ఆనకుండా నిలబడింది.

ఆమెను ఎత్తుకోలేదు. చెంప ఎర్రగా వాచిన మునిలక్ష్మి చేతిని ఒక చేత్తో పట్టుకుని అట్లాగే ఉన్నాను. కళ్ల నుంచి నీళ్లు కారిపోతుంటే కారనిచ్చాను, గొంతు మాత్రం బయటికి రానివ్వలేదు. ఏడిస్తే సద్దవుతుందని భయం.