శ్రీమతి సుబ్బరత్నం గారి మీసాలు

సుబ్బరత్నం ఎవరినైనా ఇంటర్వ్యూ చెయ్యడానికి వెళ్ళాలంటే ముందు కృష్ణయ్య చొక్కాకి ఇస్త్రీ కావాలి. ఆ ఆదివారం కూడా నరసరావుపేటలో తన వంటింటి గట్టు మీద దుప్పటి పరిచి, బొగ్గుల పెట్టె ఊది ఊది కళ్ళు ఎర్రచేసుకుని, మొగుడి నీలం చొక్కా కాలరు సరిచేస్తోంది. అడగవలసిన ప్రశ్నలన్నీ ఆమె తలలో ఉన్నాయి. పప్పు పొయ్యి మీద ఉంది. కృష్ణయ్య మాత్రం అద్దం ముందు నిలబడి, రచయితలు పక్క పాపిడి తీస్తారా, వెనక్కి దువ్వుతారా అని తీవ్రంగా ఆలోచిస్తున్నాడు.

సంగతేమిటంటే, రెండేళ్ళుగా ఆమె విజయవాడ నుంచి వచ్చే ఒక వారపత్రికకి పల్నాటి కళాకారుల మీద వ్యాసాలు రాస్తోంది. నాటకాల వాళ్ళు, హరికథల వాళ్ళు, పెళ్ళి బ్యాండు వాళ్ళు, ఎవరినీ వదల్లేదు. ఉద్యోగమేమీ కాదు, నచ్చితే వేస్తారు. కింద ‘శ్రీమతి సుబ్బరత్నం’ అని పడుతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ రోజుల్లో పత్రికల్లో సగం మంది శ్రీమతులకు మీసాలుండేవి. ఆడపేరైతే సంపాదకులు తొందరగా చదువుతారని మగవాళ్ళు పెళ్ళాల పేర్లతో రాసేవాళ్ళు. చదివేవాళ్ళందరికీ ఈ గుట్టు తెలుసు. దాంతో నిజంగా ఆడమనిషి రాసినా నమ్మే నాథుడు లేకపోయాడు. పైగా, “ఆటపాటల వాళ్ళ దగ్గిరికి ఒక్కదానివే పోతే నలుగురూ ఏమనుకుంటారే?” అని అత్తగారు హనుమాయమ్మ పట్టుబట్టడంతో, ఎక్కడికైనా ఆమె కృష్ణయ్య స్కూటరు వెనక కూర్చునే వెళ్ళాలి. బండి నడిపిన మగాడు రచయిత, వెనక దిగింది ఆయన గారి భార్య. ఇక ఎవరూ అడగాల్సిన పని లేదు.

మాచర్లలో హార్మోనియం విద్వాంసుడు గులాం మొహిద్దీన్ అయితే కృష్ణయ్య చెయ్యి పట్టుకుని, “ఆడపేరు పెట్టుకున్నా మీ రాతలో మగతనం దాగదు సార్!” అన్నాడు. కృష్ణయ్య ముందు కంగారుపడ్డాడు, తర్వాత సిగ్గుపడ్డాడు, ఆఖరికి ఇంకో కప్పు టీ తాగాడు. కాదని మాత్రం అనలేదు. తిరుగు దారిలో నిలదీస్తే, “పోనీలేవే, పెద్దాయన. నన్ను మెచ్చుకుంటే నిన్ను మెచ్చుకున్నట్టు కాదా ఏంది?” అన్నాడు. హనుమాయమ్మ ఇంకో మెట్టు పైకెక్కి, “ఎవరు రాస్తే ఏందే, పేరొచ్చేది మనింటికే గదా. నీకే పేరొచ్చి ఊళ్ళు తిరుగుతుంటే ఇక్కడ అన్నం ఎవరు వండుతారు?” అంది. ఇద్దరూ చెడ్డవాళ్ళు కారు. అదే సుబ్బరత్నానికి వచ్చిన కష్టం. చెడ్డవాళ్ళయితే హాయిగా తిట్టుకోవచ్చు. అయితే ఇందులో ఆమెకో లాభం కూడా ఉంది. మగవాళ్ళు ముందు గదిలో కృష్ణయ్యకి గొప్పలు చెప్పుకుంటుంటే ఆమెని వంటింట్లోకి పంపేవాళ్ళు. అసలు కథలన్నీ అక్కడే దొరికేవి. గులాం మొహిద్దీన్ ఏ పాటకి కొత్త వరస కట్టినా ముందు తనకే వినిపిస్తాడనీ, తను మొహం చిట్లిస్తే దాన్ని వదిలేస్తాడనీ ఆయన భార్య బియ్యం ఏరుతూ చెప్పింది. ఆ ఒక్క ముక్క కోసం పాఠకులు సంచెడు ఉత్తరాలు రాశారు. సంచెడూ ‘సుబ్బరత్నం అన్నయ్య గారికి’ అనే. సుబ్బరత్నం నవ్వుకుంది గానీ, ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

ఈ ఆదివారం ప్రయాణం రాజుపాలేనికి. అక్కడి బడి వార్షికోత్సవంలో మధ్యాహ్నం జైనాబ్ బీ బుర్రకథ ఉంది. కమిటీ పెద్ద అంకారావు కృష్ణయ్యని చూడగానే రెండు చేతులూ జోడించి ముందు వరసలో కుర్చీ వేయించాడు. సుబ్బరత్నాన్ని మాత్రం, “అమ్మా, మీరు ఆడోళ్ళ దగ్గిర కూర్చోండి” అని ఒక తరగతి గదిలోకి పంపాడు. అక్కడ జైనాబ్ బీ కాళ్ళకి గజ్జెలు కట్టుకుంటోంది.

“అమ్మగోరూ, ఈ నడికట్టు కాస్త లాగి కట్టండి” అంది జైనాబ్ బీ.

కడుతూ సుబ్బరత్నం అడిగింది. “నువ్వు కథ చెప్తుంటే మీ ఆయన పక్కన గుమ్మెట వాయిస్తూ తందాన అంటాడంట గదా. ఎట్టా ఒప్పుకున్నాడు?”

“ఒప్పుకోవటమేందమ్మా! మొదట్లో కథ చెప్పింది మా సుభానీయే. గుమ్మెట నాది, తందాన నాది. మధ్యలో ఆయన మర్చిపోతే అందించేదాన్ని కూడా నేనే. ఒకసారి దాచేపల్లిలో ఆయన గొంతు బొంగురుపోయింది. జనం లేచిపోతన్నారు. తంబురా తీసుకొని ముందుకొచ్చా.”

“మరి గొంతు బాగయ్యాక?”

“బాగయింది. నేను వెనక్కి పోలా.”

“అంతేనా? ఆయనేం అనలా?”

“చానా రోజులు మూతి ముడుచుకున్నాడు. తర్వాత చూస్తే ఆయనకి హాస్యం వస్తదమ్మా! కథ చెప్పినన్నాళ్ళూ ఆ సంగతి ఆయనకే తెల్వదు. ఇప్పుడు సగం జనం ఆయన జోకుల కోసమే వస్తన్నారు.”

నడికట్టు మీద సుబ్బరత్నం చేతులు ఆగాయి. రెండేళ్ళుగా తను దేనికోసం చూస్తోంది? ఎవరో ఒకరు తనంతట తాను గుర్తుపట్టి, రావమ్మా అని ముందుకు పిలుస్తారనే గదా! జైనాబ్ బీని ఎవరూ పిలవలేదు. సుబ్బరత్నం ముడి గట్టిగా బిగించి, ఆమె వెంటే బయటికి వచ్చి వేదిక పక్కన నిలబడింది.

“సుబ్బరత్నం అనే కలం పేరుతో మన పల్నాటి కళాకారులను లోకానికి చాటుతున్న శ్రీ కృష్ణయ్య గారికి సన్మానం!” అని అంకారావు మైకులో అరుస్తున్నాడు. చప్పట్ల మధ్య కృష్ణయ్య మెట్లెక్కాడు. శాలువా పడింది. “సార్, మాచర్ల సాహెబ్ గారి వరసలన్నీ ముందు వాళ్ళావిడే వింటదని రాశారు గదా. అంత లోపలి సంగతి మీకెట్టా తెలిసింది? రెండు మాటలు చెప్పాల!” అని అంకారావు మైకు అందించాడు.

కృష్ణయ్య గొంతు సవరించుకున్నాడు. ఆయన ఆ వ్యాసం చదవలేదు. మాటకొస్తే ఏ వ్యాసమూ చదవలేదు. మళ్ళీ సవరించుకున్నాడు. ఆఖరికి పక్కకి తిరిగి, స్నానాల గదిలోంచి తువ్వాలు కోసం చూసినట్టు పెళ్ళాం వంక చూశాడు. అలవాటైన కాళ్ళు గదా, సుబ్బరత్నం చకచకా మెట్లెక్కింది. అందించడానికే వచ్చిందనుకుని కృష్ణయ్య చెవి వంచాడు. ఆమె ఆ చెవిని దాటి మైకు ముందుకి వచ్చింది.

“ఆ సంగతి నాకు వాళ్ళ వంటింట్లో తెలిసింది. సుబ్బరత్నాన్ని నేనే. అన్నయ్యని కాదు. ఈయన మావారు, నన్ను స్కూటరు మీద తీసుకొచ్చారు.”

 జనం ఒక్క క్షణం నోళ్ళు తెరిచారు. వేదిక చివర నుంచి సుభానీ గుమ్మెట మీద టక్కున దెబ్బ వేసి, “తందానా!” అన్నాడు. బడంతా గొల్లుమంది. ఆడవాళ్ళు లేచి మరీ చప్పట్లు కొట్టారు. కృష్ణయ్య మొహం కందిపోయింది, తర్వాత ఆయనకీ నవ్వాగలేదు. ఒకరికి కప్పిన శాలువా తియ్యొచ్చో లేదో అంకారావుకి తోచలేదు. సుబ్బరత్నమే తీసి కప్పుకుంది. దాని కింద వీపు నిటారుగా నిలబడటం ఆమెకే తెలిసింది.

కథ చూసి తిరిగొస్తూ దారిలో టీకి ఆగారు. గ్లాసు సగమయ్యాక కృష్ణయ్య, “వచ్చే ఆదివారం గురజాల గదా. ఈసారి దిగంగానే నేనే చెప్తాలే, రాసేది మా ఆవిడేనని” అన్నాడు, ఎంతో ఉదారంగా.

“అక్కర్లేదండీ. నేనొక్కదాన్నే బస్సులో పోతా.”

“ఒక్కదానివే? మరి మాయమ్మకేం చెప్పేది?”

“అన్నం వడ్డించేటప్పుడు నిదానంగా చెప్పండి” అంది సుబ్బరత్నం. “ఆ రోజు వంట మీదే.”