పోచమ్మకు వెండి కళ్ళు

మాదాపూర్‌లో ఒక నగల కంపెనీకి స్టూడియో ఉంది. రసజ్ఞ అందులో డిజైనర్. హారమైనా, వంకీ అయినా, బుట్టలైనా ముందు ఆమె కంప్యూటర్ తెర మీదే పుట్టాలి. కుడివైపు సగం ఆమె గీస్తే ఎడమ సగాన్ని కంప్యూటరే గీసేస్తుంది. పెళ్ళికూతురి ఫొటో ఒక్కటి చూపిస్తే చాలు, ఆ మెడకు ఏది నప్పుతుందో చెప్పేస్తుందని ఆఫీసులో ఆమెకు పేరు.

ఆషాఢమాసం, శనివారం. రసజ్ఞ ఇంకా కుర్చీలో సర్దుకోకముందే, ఆ అంతస్తులో హౌస్‌కీపింగ్ చేసే నీలమ్మ వచ్చి టేబుల్ మీద కొంగుముడి విప్పింది. అరిగిపోయిన మెట్టెలు, తెగిన పట్టీల ముక్కలు, పసివాడి మొలతాడు గంట, సొట్టపడిన కుంకుమ భరిణె మూత. అన్నీ వెండివే.

"మేడం, మా బస్తీల పోచమ్మకు కండ్లు జెయ్యాలె. మొన్నటి వానకు పాత రేకు కండ్లు కొట్టుకపొయినయ్. రేపే మా బోనాలు. దుకాణంల తయారుగున్నయి తెద్దామంటే యాదమ్మ వద్దంటున్నది."

"యాదమ్మ ఎవరండీ?"

"అమ్మవారికి దీపం పెట్టే ముసలామె. అందరిండ్ల వెండి కలిపి జేస్తేనే కండ్లు పెట్టనిస్తదంట."

రసజ్ఞకు అదేం పెద్ద పనిగా కనిపించలేదు. తెర మీద ఒక కన్ను గీసింది, దాన్ని తిప్పి రెండోది చేసింది. కాగితం మీద అచ్చు తీసి కత్తిరించింది. బస్తీలో అమ్మవారికి పెట్టి చూసి, కొలత సరిపోతే అక్కడినుంచి నేరుగా బాలానగర్‌లో తనకు తెలిసిన కంసాలి స్వామి దగ్గర చేయించవచ్చు. మధ్యాహ్నం సెలవు అడిగి నీలమ్మ వెంట బయలుదేరింది.

అద్దాల భవనాల వెనక, రాళ్ళు కొట్టగా మిగిలిన గుట్ట పక్కన ఆ బస్తీ. కట్టడాల పనివాళ్ళు, వాచ్‌మన్లు, డ్రైవర్ల ఇళ్ళు. సందు చివర వేపచెట్టు కింద పోచమ్మ ఉంది. ఉలి తగలని రాయి, నడుమెత్తు. ఒళ్ళంతా పసుపు. పక్కనే యాదమ్మ కూర్చుని వత్తులు చేస్తోంది.

రసజ్ఞ కాగితం కళ్ళు రాయికి అంటించి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూసింది. రాయి రాయిలాగే ఉంది. దాని మీద రెండు కళ్ళ బొమ్మలు ఉన్నాయి. చుట్టూ చేరిన ఆడవాళ్ళు రసజ్ఞ వైపు తిరిగారు.

"బాగాలేదండీ," అని తనే వాటిని పీకేసింది.

"తొందరేమున్నది బిడ్డా, జర కూసో," అంది యాదమ్మ.

రసజ్ఞ రాతి ఎదుట నేల మీద కూర్చుంది. చాలాసేపు ఊరికే చూసింది. తర్వాత యాదమ్మను అడిగి, రెండు అరచేతులూ రాయికి ఆనించి కళ్ళు మూసుకుంది. కుడి చెంప ఉబ్బెత్తుగా ఉంది. ఎడమ చెంప లోపలికి జారి, మళ్ళీ నెమ్మదిగా పైకి లేచింది. పైన వేలెడు మందాన ఒక అంచు, కనుబొమలాగా. దాని కింద ఎండకాలమంతా నీడ నిలిచి ఉంటుందేమో, అక్కడ రాయి చల్లగా తగిలింది. కళ్ళు ఎక్కడ పెట్టాలా అని తను ఇందాకటినుంచీ చూస్తోంది. వాటి చోటు ఎప్పుడో సిద్ధమై ఉంది.

బొగ్గు ముక్క తెప్పించుకుని రాతి మీదే గీసింది. ఎడమ కన్ను కుడిదానికన్నా పొడుగ్గా, ఒక పిసరు కిందికి వచ్చింది. కనుపాపలు ఎంతుండాలో చూద్దామని పసుపు తుడిస్తే, అడుగున రాయి నిగనిగలాడుతూ నల్లగా బయటపడింది. ఎన్ని తరాల నూనె ఇంకిందో. నల్ల పూసలు పొదగాలన్న ఆలోచన అక్కడితో మానుకుంది. వెండిలో గుండ్రంగా ఖాళీ వదిలితే చాలు, లోపలినుంచి రాయే కనిపిస్తుంది.

గీతల మీద పల్చటి కాగితం పెట్టి అచ్చు తీసుకుంది. నీలమ్మ, యాదమ్మ, తను ముగ్గురూ ఆటో ఎక్కి బాలానగర్ వెళ్ళారు. స్వామి కరిగించే మూసలో వెండి ముక్కలు వేస్తుంటే యాదమ్మ ఆగమని, రొండిన దోపుకున్న గుడ్డముక్క విప్పింది. అందులో జత మెట్టెలు.

"మా ఆయన పొయిననాడు తీసినయి," అంది. "ఇగ ఈమెకియ్యి."

మంట తగిలాక కూడా ముక్కలు కాసేపు తమ ఆకారాలు విడువలేదు. గంట గంటగానే ఉంది, మెట్టె మెట్టెగానే ఉంది. ఉన్నట్టుండి అంచులు మెత్తబడ్డాయి, ఒకదాని మీదికి ఒకటి ఒరిగాయి. మూసలో ఒక్క పెద్ద చుక్క, అద్దంలా మెరుస్తూ వణికింది. తను గీసిన నగలు ఎన్నో కొలిమికి వెళ్ళాయి గానీ రసజ్ఞ ఇంత దగ్గర నిలబడి ఎప్పుడూ చూడలేదు.

"ఇగ ఏది ఎవలదో తెల్వదు," అంది నీలమ్మ మెల్లగా.

స్వామి రేకు సాగదీసి, గీతల ప్రకారం కత్తిరించి, లక్క దిమ్మ మీద పెట్టి రాతి వంపుకు తగ్గట్టు తట్టి ఇచ్చాడు. బస్తీకి తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. యాదమ్మ అందరినీ పక్కకు జరిపింది. కళ్ళు పెట్టేటప్పుడు ఎవరూ అమ్మవారికి ఎదురుగా ఉండకూడదట. రసజ్ఞ ఒక పక్కగా మోకాళ్ళ మీద కూర్చుని, కరిగించిన లక్క పూసి, ఒక్కో కన్నూ దాని చోట అదిమింది. రెండూ అతుక్కుపోయి కూర్చున్నాయి.

"నువ్వే ముందుగాల ఆమె ఎదురుంగ పో, బిడ్డా," అంది యాదమ్మ.

"నేనాండీ? పెద్దవారు మీరుండగా?"

"గీసింది నువ్వు గదా. నిన్ను సూసుకోనియ్యి ఆమెను."

రసజ్ఞ లేచి ఎదురుగా వచ్చింది. అలవాటు కొద్దీ ముందు తప్పులు వెతకబోయింది. అంచు లేచిందా, ఎత్తు కుదిరిందా. వెతకలేకపోయింది. వెండి మధ్యనుంచి ఆ నలుపు ఆమెను చూస్తోంది. కోపంగానూ కాదు, దయగానూ కాదు, పూర్తిగా చూస్తోంది. ఒక అడుగు కుడికి జరిగింది. చూపు వెంట వచ్చింది. ఎడమకు జరిగినా వచ్చింది. చేతులు వాటంతటవే జోడయ్యాయి. ఇంట్లో పూజకు అమ్మ పిలిస్తే విసుక్కునే మనిషి ఆమె.

తర్వాత నీలమ్మ వచ్చి నిలబడింది. ఆ వెనక ఒక్కొక్కరే. ఎదురుగా రాగానే, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు ప్రతివారూ ఒక్క క్షణం ఆగుతున్నారు.

"ఈ రాయిని ఇక్కడ ఎవరు పెట్టారండీ?" అని రసజ్ఞ యాదమ్మను అడిగింది.

"ఎవ్వలు పెట్టలే. గీ రోడ్లు, బంగ్లాలు లేనప్పుడు గుడ ఈడనే ఉన్నది. మేమే ఆమె దగ్గరికొచ్చినం."

చీకటి పడకముందే ప్రగతి నగర్ బస్సు అందుకోవాలని రసజ్ఞ బ్యాగు తీసుకుంది. కానీ ఆ చూపుకు వీపు చూపించడం ఆమె వల్ల కాలేదు. సందు మలుపు దాకా, ఒక చేత్తో గోడ తడుముకుంటూ, వెనక్కి వెనక్కి నడిచింది.