నైన్ కాదు, డొఖ్

తబస్సుమ్ ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఆరేళ్లుగా నర్సు. జర్మనీలో ఉద్యోగం కోసం ఏడాదిపాటు, డ్యూటీ దిగగానే బస్సెక్కి తాడేపల్లిగూడెం వెళ్లి, గోపీనాథ్ గారి దగ్గర జర్మన్ నేర్చుకుంది. తీరా వీడియో ఇంటర్వ్యూలో ఒక్క మాట కొంప ముంచింది.

తెర మీద జర్మన్ ఆవిడ కాగితాలు తిరగేస్తూ, "మీరు ఐసీయూలో పనిచేయలేదా?" అని అడిగింది. అలా కాదు, చేశానని చెప్పబోయి తబస్సుమ్ ముందుగా "నైన్" అంది, జర్మన్‌లో 'కాదు' అని. మిగతా మాటలు కూడదీసుకునేలోపు ఆవిడ ఏదో రాసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయింది. వారం తిరక్కుండా మెయిల్ వచ్చింది. ఐసీయూ అనుభవం లేదని అభ్యర్థే చెప్పినందువల్ల ఎంపిక చేయలేదట.

ఆరేళ్లు వెంటిలేటర్ల పక్కన నిలబడి కాళ్లు వాచిన మనిషికి అది చదివితే ఒళ్లు మండిపోయింది. పుస్తకం మొదటినుంచీ తిరగేసింది. క్లాసులో ఎన్నడూ తెరవని పాఠంలో సంగతి దొరికింది. ఎదుటివాళ్లు 'లేదా?' అని అడిగితే, 'ఎందుకు లేదూ, ఉంది' అనడానికి జర్మన్లకు 'డొఖ్' అని చిన్న మాట ఉంది. అక్కడ 'నైన్' అంటే లేదని ఒప్పుకున్నట్టే.

మర్నాడే గూడెం వెళ్లింది. గోపీనాథ్ కొత్త బ్యాచ్‌కి పాఠం చెబుతున్నాడు.

"ఈ పాఠం మాకెందుకు చెప్పలేదండీ?"

"చెప్పానమ్మా. మీరే ఆ రోజు క్లాసుకి రాలేదు."

"డొఖ్," అంది తబస్సుమ్. "నేను ఒక్కరోజూ మానలేదండీ. అటెండెన్సు తీయండి."

ఆయన తీయలేదు. "పరీక్షలో పెద్దగా రాదని వదిలేశానమ్మా. చిన్న మాటే కదా."

"చిన్న మాటేనండీ. నా ఆరేళ్ల సర్వీసు లేకుండా పోయింది." గొంతు పెరగలేదు. "తప్పు మీదేనని వాళ్లకి రాయండి. రాసేదాకా నేనిక్కడినుంచి కదలను."

ముందు బెంచీలో కూర్చుంది. పిల్లలంతా బిగుసుకుపోయారు. గోపీనాథ్ లాప్‌టాప్ తెరిచాడు. 'చిన్న పొరపాటు' అని రాస్తే, 'చిన్న' కొట్టేయించింది.

పది రోజులకు జవాబొచ్చింది. ఆ పోస్టు నిండిపోయిందనీ, ఆరు నెలలాగి మళ్లీ దరఖాస్తు చేయమనీ. గోపీనాథే ఫోన్ చేసి చెప్పాడు.

"ఏమీ అనుకోకండమ్మా," అన్నాడు చివర్లో.

"అనుకుంటానండీ," అని తబస్సుమ్ ఫోన్ పెట్టేసింది.