బరువు నీళ్ళకు తగిన బోర్డు

ఏడో తరగతిలో బడి మానేసి గరుకు కాగితం పట్టుకున్నవాడు మేస్త్రీ. నలభై ఎనిమిదేళ్ళు వచ్చినా దాన్ని వదల్లేదు. సముద్రం దగ్గర సందులో రేకుల షెడ్డు వేసుకుని, అలల మీద స్వారీ చేసేవాళ్ళకు బోర్డులు చేస్తాడు. కొనేవాళ్ళంతా చదువుకున్నవాళ్ళు. వేలితో తట్టి, "ఇక్కడ వంపు కాస్త తక్కువైనట్టుందే" అంటారు. తక్కువైంది బోర్డులో కాదని అతనికి తెలుసు. పైకి అనడు.

ఇష్టపడి చేసిన బోర్డు ఒక్కటే. పద్నాలుగేళ్ళ కూతురికి చేసింది. ఆ బోర్డే పిల్లను కోసింది. ఆరునెలల కిందట అల విరిగి మీద పడ్డప్పుడు, మలుపు తిరగడానికి బోర్డు అడుగున బిగించే రెక్క ఆమె తొడను చీల్చింది. పదకొండు కుట్లు పడ్డాయి. ఆ రెక్కను కత్తిలా తీర్చిదిద్దింది అతనే. చూసి మురిసిపోయిందీ అతనే.

కుట్లు మానాయి. పిల్ల మాత్రం మళ్ళీ నీళ్ళలోకి దిగలేదు, షెడ్డు గడపా తొక్కలేదు. తన చేతిపనంటే బిడ్డకు భయం పట్టుకుందని మేస్త్రీకి లోలోపల ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఆ మాట భార్యతో కూడా అనలేదు.

అలాంటిది ఒక మధ్యాహ్నం పిల్ల తనంతట తానే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నాన్నా, నాకో బోర్డు కావాలి."

చిత్రిక పడుతున్న చెయ్యి ఆగిపోయింది. "ఏ అలలకి?"

"ఇక్కడివి కాదు. వీటికి." ఫోన్ చూపించింది. తెర మీద ఒక వంకర గీత, పైకీ కిందికీ ఊగుతూ.

"ఏంటిది, గుండె పరీక్ష కాగితమా?"

"కాదు నాన్నా! అంతరిక్షంలో టెలిస్కోప్ ఉందిగా, అది చూసిన వెలుగు. చాలా దూరంలో ఒక గ్రహం. దాని గాలిలో నీటి ఆవిరి ఉందట. ఒళ్ళంతా సముద్రమే అయ్యుండొచ్చట."

"అయ్యుండొచ్చు అంటే? చూళ్ళేదా?"

"చూళ్ళేదు."

"చూడకుండానే ఇంత గీత గీశారూ! నేనలా గీస్తే కొనేవాడు బోర్డు నా నెత్తినే బాదేవాడు."

పిల్ల పకపకా నవ్వింది. షెడ్డులో ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

"ఒడ్డే ఉండదు నాన్నా అక్కడ. అంటే అల విరగదు. ఎవర్నీ కింద పడెయ్యదు. గ్రహం చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఒక్కసారి ఎక్కితే చాలు."

"మరి తిండెప్పుడు తింటావే?"

"జోకులొద్దు. ఇంకో సంగతి, ఆ గ్రహం లాగుడు ఎక్కువ, అక్కడ నేను రెండింతలు బరువుంటాను."

అంతే, మేస్త్రీ పనిలో పడ్డాడు. అయిదు రోజులు ఇంకో బోర్డు ముట్టుకోలేదు. "బడి ఎగ్గొట్టినాయనకి గ్రహాల కాంట్రాక్టు దొరికింది, ఇక మనల్ని ఆపేవాళ్ళెవరు!" అని భార్య ఎకసెక్కమాడింది. అతను పట్టించుకోలేదు. పిల్ల బరువు రెండింతలని, తేలాలి కదా అని, ఫోమ్ దిమ్మను బాగా లావుగా ఉంచి చెక్కాడు. రెక్క జోలికి మాత్రం పోలేదు.

ఆరో రోజు పిల్ల వచ్చి చూసి నోరు తెరిచింది. "ఇదేంటి, బోర్డా, పరుపా?"

"రెండింతలు బరువన్నావుగా. మునిగిపోవూ?"

"మునగను. అక్కడ నీళ్ళు కూడా రెండింతలు బరువే కదా! నన్ను పైకి తొయ్యడమూ రెండింతలు తోస్తాయి."

"నాకు చెప్పొచ్చావు. ముప్పై అయిదేళ్ళుగా ఇదే పని."

పిల్ల వెళ్ళి బకెట్ తెచ్చింది. బకెట్‌లో సగం నీళ్ళు పోసి, అందులో ఒక చెక్కముక్క వేసింది. అది ఎంతవరకు మునిగిందో గీత గీసి, గీతకు పైన నీలం సుద్దపొడి రుద్దింది. "ఇప్పుడు దీన్ని తలమీంచి గిరగిరా తిప్పు."

మేస్త్రీ సందులోకి వచ్చి తిప్పాడు. బకెట్ పిడి వేళ్ళను కోస్తోంది.

"బరువెక్కిందా?"

"చెయ్యి ఊడొస్తోందే!"

ఎదురు కొట్లోంచి మంగలి తల బయటపెట్టి, "ఏం మేస్త్రీ, నీళ్ళు ఆరబెడుతున్నావా?" అని అరిచాడు.

మెల్లిగా వేగం తగ్గించి దించాడు. ఇద్దరూ వంగి చూశారు. నీళ్ళతో పాటే చెక్కా బరువెక్కింది, అయినా గీత దాటి మునగలేదు. సుద్దపొడి పొడిగానే ఉంది. మేస్త్రీ దాన్ని వేలితో తాకి చూసుకున్నాడు.

"అంటే... ఇక్కడ నీకు సరిపోయే బోర్డే అక్కడా సరిపోతుంది."

"ఊఁ."

"అయితే మామూలు కొలతకి తగ్గించేస్తా."

"తగ్గించు." పిల్ల బోర్డును వెల్లకిలా తిప్పింది. "రెక్కేది?"

అతను గరుకు కాగితం కోసం వెతుకుతున్నట్టు తల వంచుకున్నాడు. "నిన్ను కోసింది నా చేత్తో చేసిన రెక్కే కదా తల్లీ."

"నాకు రెక్కంటే భయం లేదు నాన్నా. అల కింద చీకట్లో ఏది పైనో, ఏది కిందో తెలీలేదు. అదీ నా భయం."

"మరి షెడ్డులోకి రావడం ఎందుకు మానేశావు?"

"నా కాలు చూస్తే నువ్వు మొహం తిప్పుకుంటావుగా. అది చూళ్ళేక రాలేదు."

మేస్త్రీ వెతకడం ఆపాడు. బల్ల పక్కన కింద కూలబడి, పిల్ల కాలి వైపు, లాగు అంచు కింద పాకిన మచ్చ వైపు మొదటిసారి తేరిపార చూశాడు. కుట్ల గుర్తులు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. పిల్ల కదలకుండా నిలబడింది.

ఆ ఆదివారం పొద్దున్నే బోర్డు నీళ్ళ దగ్గరికి చేరింది. ఈసారి బిగించిన రెక్కకు అంచులు గుండ్రంగా అరగదీశాడు. మోకాళ్ళలోతుకు వచ్చేసరికి పిల్ల ఆగిపోయింది. పెదాలు పాలిపోయాయి.

"ఇక్కడ విరుగుతాయి నాన్నా."

"తెలుసు. పడుకో. నేను పట్టుకుంటా."

"నీకు ఈతే రాదుగా!"

"రాదు. అందుకే గట్టిగా పట్టుకుంటా."

పిల్ల బోర్లా పడుకుంది. చిన్న అల వచ్చి బోర్డును ఎత్తి దించింది. ఉప్పునీళ్ళు మేస్త్రీ నోట్లోకి పోయాయి, ఉమ్మేశాడు. ఇంకోటి వచ్చింది. పిల్ల ఊపిరి బిగబట్టి వదిలింది.

"ఇంకొంచెం లోపలికి."

నడుం లోతు. ఛాతీ లోతు. కాలివేళ్ళకు ఇసుక అందీ అందకుండా అయింది.

"నా వల్ల ఇంతే అమ్మలూ."

"చాలు," అంది పిల్ల, చేతులు నీళ్ళలో ముంచి. "ఇక్కణ్ణుంచి నేను చూసుకుంటా. వదులు."