పులిమీఁది ద్విపద

హేమంతము ముదిరి కొండలనుండి దిగిన మంచు పైరులను బాటలను మనుష్యుల మాటలను సైతము గప్పివేయుచున్న యొక సాయంకాలమున, దేవులకోన యను నడవియంచు పల్లెలోని వీథిబడియందుఁ జిన్నపిల్లలు పలకలు ముందిడుకొని కదలక మెదలక కూర్చుండిరి. దీపావళి మొదలుగా నొక పులి పల్లెచుట్టును దిరుగుచు మేఁకలను గొనిపోవుచుండెను. ముందటి వారము నీళ్లకుఁ బోయిన ముసలమ్మను గూడ నీడ్చుకొనిపోయెను. ప్రొద్దు వాలినచో దివిటీలతోఁ బెద్దలు వచ్చి తోడుకొనిపోవువఱకుఁ బిల్లలు బడి విడువరాదని గ్రామపెద్ద గంగులునాయఁడు కట్టడి చేసియుండెను. ఆ పల్లెవారు పులిని బేరెత్తి పిలువరు; అడవిదొర యందురు. పేరు పలికినచో దానినే పిలుపనుకొని వచ్చునని వారి తాతలనాఁటి నమ్మకము.

అయ్యవారు చిదంబరయ్య మైదానపు సీమవాఁడు. ఆయనకు నమ్మకము లేదు. భయము మాత్రము గలదు. భయమున బిగిసిన పిల్లల నోట నక్షరము వెడలకుండుటఁ జూచి, నవ్వినఁగాని వీరికిఁ జదువు రాదని తలఁచి, నాఁటి యుదయమున వారికిఁ బ్రాస నేర్పెను. మొదటి పాదమున రెండవ యక్షరపు హల్లేదియో రెండవ పాదమునను నదియే రావలెనని చెప్పి, తాను గట్టిన ద్విపదను బాడించెను.

పులిరాజు చలిసోఁకి పొయ్యిలో దూఱె
నెలుకమ్మ నవ్వంగ నేడ్చుచుఁ బాఱె

పిల్లలు మొదట నదరిపడిరి. పిదప నొకరి మొగ మొకరు చూచుకొని పకపక నవ్విరి. మధ్యాహ్నము భోజనమునకుఁ బోయిన పిల్లల నోటఁ బ్రతి వాకిటను ద్విపదయే మ్రోగెను.

ప్రొద్దు గ్రుంకుచుండఁగా గంగులునాయఁడు రొప్పుచు బడిలోనికి వచ్చెను.

"అయ్యవారూ, బుద్ధి యున్నదా మీకు? మా పిల్లలచేతనే దానిని బేరెత్తి పిలిపించితిరే! విందు పెట్టుటకా?"

"నాయఁడుగారూ, అది పద్యము. పులికిఁ బద్యము తెలియునా?"

"మరల ననుచున్నారు!"

నాయని మనుమరాలు, ఏడేండ్ల పైడమ్మ, పలకమీఁదినుండి తలయెత్తెను. "తాతా, అది యేడ్చుచుఁ బాఱిపోయినది గదా! మరల నేల వచ్చును?"

"నోరు మూయవే!"

అంతలో వీథికుక్కలు మొఱగుట మానెను. తడికతలుపు వెలుపల నేదియో బరువుగా నూపిరి విడిచెను. పచ్చినెత్తుటి కంపు లోనికి వచ్చెను. తడిక యొకసారి కిఱ్ఱుమనెను.

గంగులునాయఁడు మూలనున్న యయ్యవారి మంచము క్రిందికిఁ బ్రాఁకెను. తలపాగ జాఱి నేలఁబడెను. చిదంబరయ్య పెదవులమీఁద వ్రేలుంచి నిలిచెను. ఒక పిల్లఁడు వెక్కి తలుపులేని పెరటివాకిటివైపునకు లేచెను. వాఁడు పరుగెత్తినచో నందఱును బరుగెత్తుదురు. పరుగెత్తినవారిలో నొకరు తిరిగిరారు. ఈ సంగతి యెఱిఁగియు నయ్యవారు వ్రేలు దింపలేదు.

పైడమ్మ మంచము క్రిందికిఁ దొంగిచూచెను. వ్రేళ్లమీఁద నక్షరములు లెక్కించుకొనెను. పిదప సన్నని గొంతుతో నిట్లనెను.

తలపాగ జాఱంగఁ దాత మా పెద్ద
పలుకక మంచంబు పాలాయె నేఁడు

లేచిన పిల్లఁడు వెనుదిరిగి మంచము క్రింద నాయని మీసములఁ జూచెను, కన్నీళ్లతోనే నవ్వెను. నవ్వు ప్రక్కవానికిఁ బ్రాఁకెను. ఆఁపఁబోయినకొలఁది హెచ్చి, పిల్లలు పలకలను నేలఁగొట్టుచుఁ గడుపులు పట్టుకొని యఱచినట్లు నవ్విరి. ఒడలెల్లఁ జెమటతోఁ దడిసియుండియుఁ జిదంబరయ్య ప్రాస తప్పలేదని గుర్తించెను. వెలుపలి యూపిరి నిలిచెను. ఎండుటాకులపై నడుగులు పడి, దూరమై, మంచులో నడఁగెను.

దివిటీలు వచ్చెను. గంగులునాయఁడు వెలువడి దుమ్ము దులుపుకొని, యెవ్వరి మొగమును జూడక తలపాగ చుట్టుకొనెను. మనుమరాలి చేయి పట్టుకొని గడప దాఁటుచు, "తెల్లవాఱునప్పటికి మీరు మా యూర నుండరాదు" అనెను.

పులిని నవ్విన తప్పును నాయఁడు మన్నించియుండునేమో. తన్ను నవ్విన తప్పును మన్నింపలేదు. పెద్దఱికము భయమును దాఁచుకొనఁగలదు గాని కనిపెట్టినవానిని దగ్గఱ నుంచుకొనలేదు.

మఱునాఁ డుదయమున మంచు తొలఁగకమునుపే చిదంబరయ్య మూట భుజమున వేసికొని కొండదారిఁ బట్టెను. సాగనంపుటకుఁ బిల్లల నెవ్వరును బంపలేదు. నలువురలోఁ బుట్టిన నవ్వు ధైర్యమగును. ఒంటరివాని పెదవులపై నది నిలువదు. అతఁడు పెదవులు గదల్చి చూచెను. ఒక్క పాదమును రాదయ్యెను. వెనుక నాకులు గలగలలాడిన ప్రతిసారియు నిలిచెను, వెనుదిరిగి చూడలేదు.