ఎనిమిది అక్షరాల ఏకాంబరం

భువనేశ్వరి పొద్దున్నే తిరువొత్తియూరు స్టేషన్లో రైలు దిగి, రంగుపొడి ఫ్యాక్టరీ డిస్పెన్సరీ తాళం తీసి, కంప్యూటర్ మీది గుడ్డ దులిపి స్విచ్ వేసేది. అది కాసేపు గరగరమని, తర్వాత దగ్గడం మొదలుపెట్టేది. ఒకరి దగ్గు కాదు, నూటయాభై మంది దగ్గు, వరసగా. ఆ దగ్గుల మధ్యనే ఆమె టీ తాగేది, చీటీలు రాసేది.

పనోళ్ళ ఎక్స్‌రే రిపోర్టు ఆ మిషన్లో ఎక్కిస్తే చాలు, వాళ్ళ దగ్గు వాళ్ళని వదిలి దాంట్లోకి పోయేది. ఇదేం విడ్డూరమని ఎవరూ అడగలేదు. ఇరవై ఏళ్ళు పొడి పీల్చినోడికి కంటినిండా నిద్ర పట్టడమే పెద్ద సంగతి, కారణం ఎవడిక్కావాలి? పోయినేడు చోటు చాలక గోపాలస్వామి అనే పనోడి ఫైలు ఒక్కటి ఫ్లాపీలోకి మార్చి బీరువాలో పెట్టారు. మూడో రోజుకి దగ్గు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. నెల తిరక్కుండానే పోయాడు, పాపం.

రిటైరైనోళ్ళ ఫైళ్ళు అదే మిషన్లో వేరే డైరెక్టరీలో ఉండేవి. అందులో భువనేశ్వరి నాయన ఏకాంబరానిదీ ఉంది. అరవైమూడేళ్ళ మనిషి, ఒక్క దగ్గూ లేకుండా వాకిట్లో పేపరు చదువుకుంటున్నాడు.

ఆ బుధవారం హెడ్డాఫీసు నుంచి విఘ్నేష్ అనే ఇంజనీరు వచ్చాడు. మర్నాడు పాత డాస్ తీసేసి విండోస్ 95 ఎక్కించాలంట. దానికి ముందు డిస్కంతా తుడిచెయ్యాలి.

"ఈ లిస్టులో ఉండే నూటపన్నెండు మందివి మాత్రం ఫ్లాపీల్లోకి ఎత్తుకోక్కా. రేపు మళ్ళీ ఎక్కిద్దాం. రిటైరైనోళ్ళవి వొద్దు."

"ఏందికి వొద్దు?"

"కొత్తది పెద్దది, డిస్కులో చోటు చాలదు. పైన చెప్పిండేది అంతే. రేపు ఒక్కో పేరుకీ టిక్ పెట్టుకుంటా. లిస్టులో లేనిది ఉంటే తీసేస్తా."

"మా నాయనది ఉండాది పా ఆడ."

విఘ్నేష్ దగ్గుతున్న మిషను వైపు చూశాడు. "సారీ అక్కా," అని ఫ్లాపీల పెట్టె బల్ల మీద పెట్టి క్యాంటీనుకి పోయాడు. చెడ్డోడు కాదు, పై మాట దాటలేనోడు.

భువనేశ్వరి తన నాయన ఫైలుని పనిలో ఉన్నోళ్ళ డైరెక్టరీలోకి కాపీ కొట్టబోయింది. మిషను ఆగి అడిగింది: ఆ పేరుతో ఫైలు ముందే ఉంది, దాని మీద రాసేదా?

డాస్‌లో ఫైలు పేరు ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలే. ఏకాంబరానికి తొమ్మిది. ఆఖరి అక్షరం తెగ్గొడితే ఇనిషియలుకీ చోటు లేదు, ఏ ఏకాంబరమైనా ఒకటే. ఈ రెండో ఏకాంబరం ప్యాకింగ్ సెక్షనోడు. ముప్పై ఏళ్ళు. పోయిన నెల బిడ్డ పుట్టిందని ఆమెకి మైసూర్‌పాక్ తెచ్చిచ్చాడు.

వయసులో ఉండాడు, తట్టుకుంటాడు అనుకుంది. అబద్ధం. అతని ఊపిరితిత్తులు నాయనవాటికన్నా అధ్వాన్నం, ఆ రిపోర్టు ఎక్కించింది ఆమే. దేవుడా, క్షమించు అనుకుంది. 'అవును' నొక్కింది. ఒక ఫైలు కాపీ అయిందని చూపించింది మిషను.

మర్నాడు కొత్త తెర వచ్చింది, నీలంగా, మబ్బుల్తో. విఘ్నేష్ నూటపన్నెండు టిక్కులు పెట్టుకుని, సంతకం చేయించుకుని వెళ్ళిపోయాడు.

శనివారం ప్యాకింగ్ ఏకాంబరం డిస్పెన్సరీ వాకిట్లో నిలబడ్డాడు, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని.

"ఏందో అక్కా, తెల్లారినించీ ఒకటే దగ్గు. బిడ్డ ఉలిక్కిపడి లేస్తా ఉంది. నా ఫైలు సరిగ్గా ఉండాదా చూడు."

కొత్తగా ఎక్కించాలంటే పాతది ఏమైందో చెప్పాలి. చెప్తే నాయన ఫైలు తీసేస్తారు. ఆమె తెర అతని వైపు తిప్పి, పేరు మీద వేలు పెట్టింది.

"ఉండాది పా."

అతను కాసేపు మిషను దగ్గర చెవి పెట్టి విన్నాడు. "నా దగ్గు దీంట్లో వినబళ్ళేదే."

"కొత్తది గదా. సర్దుకుంటాది."

"నువ్వు చూసినాక ఇంకేముందిలే అక్కా," అని సిరప్ సీసా తీసుకుని, దగ్గుకుంటూ సెక్షనుకి పోయాడు.

ఆ సాయంత్రం నాయన ఎదురుగా కూర్చున్న భువనేశ్వరి అన్నం ముట్టకుండానే కంచంలో చెయ్యి కడిగేసింది. "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అని అడిగాడాయన, ఆయాసం లేని గొంతుతో.